బ్రేక్ ఆయిల్ పొయ్యడం వేరు, మార్చడం వేరు

పోయిన నెల శ్రీశైలం పోయినం, నేనూ మా బామ్మర్ది, నా 2016 మోడల్ పల్సర్ 150 మీద. దోమలపెంట దాటినంక డ్యామ్ దాక ఘాట్ దిగుడే కదా, మలుపు మీద మలుపు, ముందల ఒక బస్సు, బండి మీద ఇద్దరం, రెండు బ్యాగులు, నేనేమో ముందు బ్రేక్ పట్టుకుంటనే దిగుతున్న. సగం దిగినంక ఒక మలుపు కాడ లివర్ పడితే చేతికి మెత్తగ తగిలింది, స్పాంజ్ పిసికినట్టు, లివర్ వచ్చి గ్రిప్‌కు ఆనింది గని బండి ఆగుతలేదు. వెనక బ్రేక్ తొక్కి, గేర్ రెండోదానికి దించి, ఎట్లనో పక్కకు తీసి ఆపిన. వెనకున్నోనికి ఏం తెల్వలే, "ఏమైంది బావా, ఇక్కడెందుకు ఆపినవ్" అంటున్నడు. నాకు మాట రాలే, చేతులు వణుకుతున్నయ్. అరగంట అక్కడనే కూసున్నం. డిస్క్ చల్లారినంక లివర్ మళ్ల కొంచెం గట్టిపడ్డది, మిగిలిన ఘాటంతా రెండో గేర్ల నిదానంగ దిగినం.

ఇంటికొచ్చి చూస్తే ప్యాడ్లు బాగనే ఉన్నయ్, డిస్క్ బాగనే ఉంది, లీకేజీ లేదు. హ్యాండిల్ మీద బ్రేక్ ఆయిల్ డబ్బా అద్దంల లెవెల్ నిండుగ కనవడుతున్నది. పాత సర్వీస్ బిల్లులు తీసి చూసిన, దాదాపు ప్రతి దాంట్ల "బ్రేక్ ఆయిల్ టాపప్" అని ఉంది. మార్చినట్టు ఒక్క బిల్లుల లేదు. అంటే ఇన్నేండ్లు పైన కొత్తది పోస్తున్నరు, కింద కాలిపర్ల, అంటే ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కేదాంట్ల మాత్రం షోరూమ్ నుంచి వచ్చిన రోజుదే ఉంది. ఇంజన్ ఆయిల్ లెక్క ఇది తిరగదు కదా, పైన పోసింది పైన్నే ఉంటది, వేడి తగిలేదేమో కింద.

అసలు మనం దాన్ని ఆయిల్ అంటం గని అది ఆయిల్ కాదు. మన బండ్లల్ల వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్‌తోని చేసినయ్, గాలిల తేమను గుంజుకుంటయ్. మూత సందుల నుంచి, రబ్బర్ పైపుల నుంచి కూడ ఏండ్లకేండ్లు కొద్దికొద్దిగ నీళ్లు చేరుతనే ఉంటయ్. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాక మరగొద్దని రూల్, అదే 3.7 శాతం నీళ్లు చేరినంక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలు. ఘాట్ల బ్రేక్ పట్టి పట్టి దిగితే ఆ వేడికి లోపల మరిగి ఆవిరైతది. నీళ్లలాంటి ద్రవాన్ని ఎంత నొక్కినా అణగదు, ఆవిరి మాత్రం అణిగిపోతది, మన చేతి బలమంతా ఆ బుడగలనే నొక్కుతది, ప్యాడ్ దాక పోదు. నాకైంది అదే. సిటీల కోఠి, అమీర్‌పేట ట్రాఫిక్‌ల తిరిగినన్ని రోజులు ఇది బయట పడలే, అందుకే ఇంత వివరంగ రాస్తున్న.

ఆయిల్ అన్న పేరు నమ్మి ఎవరన్న ఇంజన్ ఆయిల్ పోస్తరేమో, లోపల రబ్బర్ సీళ్లు ఉబ్బి బ్రేక్ మొత్తం పోతది. మూత మీదనే డాట్ 3నా డాట్ 4నా రాసి ఉంటది, అదే పొయ్యాలె. డాట్ 5 అంటే సిలికాన్‌ది, వీటితోని కలవదు. డాట్ 5.1 మళ్ల వేరు, అది గ్లైకాలే. నంబర్ పెద్దదైతే మంచిదనుకొని కొనొద్దు.

ఆదివారం ముందు పుత్లిబౌలి పోయి డాట్ 4 చిన్న సీసా తెచ్చిన, సీల్ తియ్యనిది. మా ఇంట్ల సగం వాడిన పాత సీసా ఉండె, అది పక్కన పెట్టేసిన, మూత తీసినంక అది కూడ తేమ గుంజుకుంటనే ఉంటది. చేపల తొట్టి దుకాణంల మీటర్ సన్న పైపు కొన్న, లోపల ఏం పోతుందో కనవడేది. 8 నంబర్ రింగ్ పానా, స్టార్ స్క్రూడ్రైవర్, పాత బట్టలు, బకెట్ నీళ్లు. బకెట్ ఎందుకంటే ఇది పెయింట్ మీద పడితే పెయింట్ లేస్తది, తుడిస్తే సరిపోదు, వెంటనే నీళ్లు కొట్టాలె. ట్యాంక్ మీద తడిబట్ట కప్పినంకనే మూత ముట్టుకున్న.

మూత స్క్రూలు రెండు పట్టేసి ఉన్నయ్. ఊరికె తిప్పితే తల అరిగిపోతది, స్క్రూడ్రైవర్ పెట్టి పైనుంచి సుత్తితోని రెండు దెబ్బలు కొట్టి, గట్టిగ అదిమి తిప్పితే వచ్చినయ్. లోపల నల్ల రబ్బర్ తీస్తే అడుగున బురద లెక్క పేరుకొని ఉంది. పాతది సిరంజితోని గుంజేసి, శుభ్రమైన బట్టతోని తుడిచి, కొత్తది పోసిన.

ఇగ అసలు పని. కాలిపర్ మీద నిపుల్ ఉంటది, లూజ్ చేస్తే లోపలిది బయటికొచ్చే చిన్న స్క్రూ, దానికి ముందు పానా, దాని మీద పైపు, పైపు రెండో కొస సీసాల కొంచెం కొత్త ఫ్లూయిడ్ పోసి అందుల మునిగేటట్టు పెట్టిన. బామ్మర్ది లివర్ కాడ, నేను కింద.

"పట్టు." పట్టిండు. నిపుల్ పావు చుట్టు లూజ్ చేసిన. పైపుల సర్రున వచ్చింది, పాలు పొయ్యని చాయ్ డికాషన్ రంగు, మధ్యల సన్న బుడగలు. లివర్ గ్రిప్ దాక పోయింది. "ఇడువకు, ఆగు." నిపుల్ బిగించిన. "ఇప్పుడు ఇడువు." మళ్ల "పట్టు."

ఇంతే, దీన్నే మళ్ల మళ్ల చేసుడు. నిపుల్ తెరిచి ఉండంగ లివర్ ఇడిస్తే మాత్రం పైపుల నుంచి గాలి లోపలికి గుంజుకుంటది, చేసిందంతా మళ్ల మొదటికే. అందుకే ఇద్దరు ఉండాలె, నోటితోని చెప్పుకుంటనే చెయ్యాలె. ఐదుసార్లకొకసారి నేను లేచి పైన డబ్బా చూసి పోస్తున్న, అది చాన చిన్నది, ఖాళీ అయితే పైనుంచి గాలి పోతది. పదిహేనో ఇరవయ్యోసారికి రంగు మారింది, లేత తేనె లెక్క వచ్చింది, అయినా బుడగలు ఒకటి రెండు వస్తనే ఉన్నయ్. బ్రేక్ పైపు పొడుగంత, కాలిపర్ మీద, స్క్రూడ్రైవర్ పిడితోని మెల్లగ తట్టుకుంట ఇంకో పదిసార్లు చేస్తే ఆగినయ్. నిపుల్ బిగించేటప్పుడు బలం చూపించొద్దు, అది అల్యూమినియంల ఉన్న చిన్న మర, ఆనినంక కొంచెం బిగిస్తే చాలు.

లివర్ బాగనే ఉంది గని నా మనసుకు పట్టలే, పైనెక్కడో ఇంక మెత్తదనం ఉంది. మూత పెట్టి, పాత సైకిల్ ట్యూబ్ ముక్కతోని లివర్‌ను గ్రిప్‌కు కట్టేసి రాత్రంత ఇడిసిపెట్టిన, సన్న బుడగలు మెల్లగ పైకి చేరుతయ్. పొద్దున ఇప్పి పడితే రాయి లెక్క ఉంది. గట్టిగ పట్టి పట్టి నిపుల్ చుట్టు కాగితంతోని తుడిచి చూసిన, తడి లేదు. ముందు గల్లీల తోసుకుంట పోయి బ్రేక్ పట్టి చూసిన, తర్వాతనే స్టార్ట్ చేసిన.

లెవెల్ తగ్గిందని ప్రతిసారి పోయించుకుంటే ఇంకో నష్టం కూడ ఉంది. ప్యాడ్లు అరిగే కొద్ది లెవెల్ దిగుతది, అది ప్యాడ్లు చూసుకో అని చెప్పే గుర్తు. పైన నింపేస్తే ఆ గుర్తు పోతది, కొత్త ప్యాడ్లు వేసిన రోజు పొంగి ట్యాంక్ మీద పడుతది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికి ఏబీఎస్ వచ్చింది, బ్రేక్ గట్టిగ పట్టినా చక్రం జామ్ కాకుండ చూసేది. పద్ధతి దాదాపు ఇదే, గని డబ్బా ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌ల చేరితే తియ్యడానికి మిషన్ పెట్టాల్సి రావొచ్చు, అసొంటి బండి మొదటిసారి తెలిసినోళ్లు పక్కన ఉండంగ చెయ్యండి.

రెండేండ్లకొకసారి మార్చాలె, సీటు కింద ప్లాస్టర్ అంటించి తారీఖు రాసి పెట్టిన. బామ్మర్ది బండికి వెనక కూడ డిస్కే, ఏబీఎస్ లేదు, మార్చి ఎన్నేండ్లయిందో వానికే తెల్వదు. వచ్చే ఆదివారం దాని పని మీద కూసుంటం, ఈసారి వాడు కింద, నేను లివర్ కాడ.