పండుతో డెవిల్స్ లేక్‌కి

అమెరికాలో కుక్కను పెంచుకునే తెలుగువాళ్ళ ఇంటికి ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారంటే, ముందు తేల్చుకోవాల్సింది కుక్క సంగతే. మా అత్తయ్యగారిది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు వీధికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు చేయించుకున్న మనిషి. గొర్రె మెదడు నుంచి తయారుచేసే ఆ పాత టీకాను మన దేశంలో 2000ల మధ్యలో ఆపేశారు కానీ, దాన్ని పొడిపించుకున్న తరం ఇంకా మన ఇళ్ళలోనే ఉంది. అందుకే ఆవిడ భయాన్ని ఎవరైనా చాదస్తమని కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. అది పడిన బాధలోంచి వచ్చిన భయం.

మా పండు నల్ల లాబ్రడార్ కలిసిన జాతి. షెల్టర్ నుంచి తెచ్చుకున్నాం. మనుషుల మీదికి ఎగబడడు కానీ నీళ్ళు కనిపిస్తే మాత్రం ఆగలేడు. అత్తయ్యగారు వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒక ఏర్పాటు నడుస్తోంది: ఆవిడ హాల్లో ఉంటే వాడు వంటింటి గేటు అవతల, వాడు హాల్లో ఉంటే ఆవిడ గదిలో. ఇద్దరికీ బయట గాలి కావాలి. సెప్టెంబరు చివర్లో ఎక్కడికైనా వెళ్దామనుకున్నప్పుడు మావారు పండును బోర్డింగ్‌లో పెడదామన్నారు. నాకు మనసొప్పలేదు. ఇంట్లో మనిషిని తీసుకెళ్ళడానికి ఇంకో ప్రాణిని పంపేయడం ఏం బాగుంటుంది? ఇద్దరికీ కుదిరే చోటు వెతుకుదామన్నాను.

ఇల్లినాయ్‌లో మేముండే నేపర్‌విల్ నుంచి మూడు గంటల దూరంలో, విస్కాన్సిన్‌లోని బారబూ ఊరి పక్కన డెవిల్స్ లేక్ స్టేట్ పార్క్ ఉంది. 1911లో ఏర్పాటైంది. తొమ్మిది వేల ఎకరాలకు పైగా ఉన్న ఈ పార్కు ఆ రాష్ట్రంలోని స్టేట్ పార్కులన్నిటిలోకీ పెద్దది, జనం ఎక్కువగా వచ్చేదీ ఇదే. వేసవి శనాదివారాల్లో పార్కింగ్ దొరకడమే కష్టం. అందుకని మేం పిల్లల బడులు తెరిచాక, వారం మధ్యలో సెలవు పెట్టుకుని వెళ్ళాం. కుక్కతో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పే మొదటి మాట ఇదే. రద్దీ లేని రోజు చూసుకోండి.

బయలుదేరే ముందు నిబంధనలన్నీ కూర్చుని చదివాను. విస్కాన్సిన్ స్టేట్ పార్కుల్లో కుక్కకు ఎనిమిది అడుగులు మించని లీష్, అంటే పట్టుకుని నడిపించే తాడు, ఉండాలి. జనం ఈతకు దిగే బీచ్‌లోకి, పిల్లలు ఆడుకునే చోటుకి, భవనాల్లోకి కుక్కల్ని రానివ్వరు. డెవిల్స్ లేక్‌లో మాత్రం కుక్కలు నీళ్ళలో దిగడానికి, వాటిని పెట్టుకుని కూర్చుని తినడానికి విడిగా చోట్లు కేటాయించారు. పక్కనే ఉన్న పార్ఫ్రీస్ గ్లెన్ అనే సన్నని లోయలోకి అసలు రానివ్వరు కాబట్టి దాన్ని మా జాబితాలోంచి తీసేశాను. ఇవన్నీ అత్తయ్యగారికి ఒక్కొక్కటే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"తాడు ఎవరి చేతిలో ఉంటుందమ్మా?"

"మీ అబ్బాయి చేతిలోనే అత్తయ్యా, పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా."

"అయితే వస్తాను."

కారు వెనక భాగంలో పండు క్రేట్‌లో, ముందు సీట్లో అత్తయ్యగారు, మధ్యలో నేనూ టిఫిన్ డబ్బాలూ. రాక్‌ఫర్డ్, జేన్స్‌విల్, మాడిసన్ మీదుగా ఇంటర్‌స్టేట్ 90 పట్టుకుని వెళ్ళాం. దారి పొడవునా మొక్కజొన్న, సోయా చేలు పండి ఎండుతున్నాయి. ఇంత పంటకి కూలీలు ఎక్కడ దొరుకుతారని అత్తయ్యగారు అడుగుతుంటే మావారు కోత యంత్రాల గురించి చెప్పుకుంటూ వచ్చారు. రెస్ట్ ఏరియాలో ఆగి పండును గడ్డి మీద కాసేపు నడిపించాం. పార్కు గేటు దగ్గర కారుకు స్టిక్కర్ కొనాలి. ఇల్లినాయ్ స్టేట్ పార్కుల్లో ప్రవేశ రుసుము ఉండదు గనక మనవైపు వాళ్ళకి ఇది కొత్తగా ఉంటుంది. పైగా బయటి రాష్ట్రం నంబరు ప్లేటుకి ధర ఎక్కువ. ఇచ్చిన డబ్బుకు పది రెట్లు విలువైన చోటది, నాకేం బాధ అనిపించలేదు.

చెట్ల మధ్యనుంచి దిగి ఉత్తరపు ఒడ్డు చేరగానే సరస్సు మొత్తం ఒకేసారి కనిపిస్తుంది. 360 ఎకరాల నీళ్ళు. తూర్పు, పడమర, దక్షిణం, మూడు వైపులా కొండలే. నీటి మట్టం నుంచి అయిదువందల అడుగుల ఎత్తుకు నిటారుగా లేచిన రాతి గోడలు. ఆ రాయి క్వార్ట్‌జైట్. ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న ఇసుక, సుమారు 160 కోట్ల ఏళ్ళ కిందట ఒత్తిడికీ వేడికీ గట్టిపడి ఇలా అయింది. కొన్ని బండల మీద ఆనాటి అలలు ఇసుకలో గీసిన చారలు ఇప్పటికీ చేతికి తగులుతాయి. లేత గులాబీలోకి వంకాయ రంగు కలిసినట్టుండే రాయి అది. ఎండ పడిన వైపు ఒక రంగు, నీడ వైపు ఇంకో రంగు.

సరస్సు పుట్టిన కథ ఇంకా బాగుంటుంది. ఈ కొండల మధ్య ఒకప్పుడు నది పారేది. చివరి మంచుయుగంలో, దాదాపు పద్దెనిమిది వేల ఏళ్ళ కిందట, తూర్పు నుంచి వచ్చిన హిమానీనదం సరిగ్గా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. మోసుకొచ్చిన మట్టినీ రాళ్ళనీ లోయకు రెండు కొసలా కుప్పపోసింది. మధ్యలో చిక్కిన నీళ్ళే ఈ సరస్సు. పైకి కనిపించేలా బయటికి పారే వాగు ఒక్కటీ లేదు. దేవుడు రెండు చేతులా మట్టి కట్ట వేసినట్టుందని అత్తయ్యగారు అన్నారు. కృష్ణా కాలువల కింద పుట్టి పెరిగిన మనిషికి కట్ట అంటే ఏమిటో వేరే చెప్పాలా!

అప్పటికే పండు కాళ్ళు నేలన నిలవడం లేదు. కుక్కలకు కేటాయించిన ఒడ్డుకు వాణ్ణి తీసుకెళ్ళాం. నీళ్ళలోకి వదిలేముందు నేను తప్పకుండా చూసేది ఒకటుంది. వేసవిలోనూ, చలి మొదలయ్యే ముందూ కొన్ని సరస్సుల్లో నీలి ఆకుపచ్చ నాచు పెరుగుతుంది. నీటి మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు కనిపిస్తుంది. ఆ నీళ్ళు తాగిన కుక్క గంటల్లో చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఒడ్డున హెచ్చరిక బోర్డు ఉందేమో చూశాను, నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూశాను. తేటగా ఉన్నాయి. ఈ తేటదనం దానంతటదే రాలేదు. పాతకాలపు హోటళ్ళ మురుగు, పొలాల నుంచి వచ్చిన ఎరువు కలిసి సరస్సు అడుగున ఫాస్ఫరస్ పేరుకుపోయి, నాచు బెడద ఎక్కువైంది. దాంతో 2002లో పొడవాటి పైపు ఒకటి వేసి, అడుగునున్న ఆ నీటిని బయటికి లాగే పని మొదలుపెట్టారు. ఒక చెరువును బాగుచేయాలంటే ఇంత ఓపిక కావాలి. మన ఊళ్ళ చెరువులు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

పండు ఈదడం చూడాలి! మెడ దాకా నీళ్ళలో, ముక్కు పైకెత్తి, తోకను చుక్కానిలా తిప్పుకుంటూ, లీష్ అందినంత మేర అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. చల్లటి నీళ్ళని వాడికి పట్టనే లేదు. మావారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని లీష్ పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్యగారు కాస్త ఎడంగా బెంచీ మీద కూర్చుని "లోపలికి పోనీయకురా, చాల్లే" అంటూనే ఉన్నారు. ఆ మాట కొడుక్కో, కుక్కకో నాకు తెలియలేదు.

భోజనాలు కుక్కలకు ప్రవేశమున్న పిక్నిక్ చోట్లో. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. పండుకు వాడి గింజలే. మన వంటల్లోని ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కలకు పడవు. ద్రాక్ష, కిస్‌మిస్ అయితే మూత్రపిండాలనే దెబ్బతీస్తాయి. ప్రేమ కొద్దీ ఒక ముద్ద పెడదామనుకునే చుట్టాలకు ఈ మాట ముందే చెప్పిపెట్టాలి.

మధ్యాహ్నం టంబుల్డ్ రాక్స్ ట్రయల్ పట్టాం. పడమటి కొండ అంచున, సరస్సు పక్కనే సాగే మైలు దారి. నీళ్ళు రాతి పగుళ్ళలో చేరి గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, వేల ఏళ్ళుగా కొండను విరిచి కిందికి దొర్లించాయి. బీరువాలంత బండలు ఒకదాని మీద ఒకటి ఒడ్డుదాకా పడి ఉంటాయి. వాటి మధ్యనుంచే బాట. ఎక్కువ ఎక్కుడు లేదు కాబట్టి పెద్దవాళ్ళు నిదానంగా నడవొచ్చు. బ్యాలెన్స్‌డ్ రాక్ వైపు వెళ్ళే నిటారు మెట్లదారి అత్తయ్యగారి మోకాళ్ళకు కుదరదని అటు వెళ్ళలేదు. ఈ బండల సందుల్లో టింబర్ రాటిల్‌స్నేక్ అనే విషసర్పం కూడా ఉంటుంది. అరుదుగానే కనిపిస్తుంది, తన జోలికి రాకపోతే ఎవరి జోలికీ రాదు. ముక్కు ప్రతి సందులోనూ దూర్చే కుక్కకి పొట్టి లీష్ ఎంత అవసరమో అక్కడ నడిస్తే తెలుస్తుంది.

సగం దారిలో ఎదురుగా ఒక కుటుంబం వచ్చింది. తెలుగువాళ్ళే. అయిదేళ్ళ పాప పండును చూసి తండ్రి కాళ్ళకు చుట్టుకుపోయింది. దారి సన్నం, పక్కన బండలు. మావారు వెంటనే పక్కకు తప్పుకుని, లీష్ చేతికి రెండు చుట్లు చుట్టి, పండును తన కాళ్ళకు ఆనించి కూర్చోబెట్టారు. మేం ఇలాంటప్పుడు "ఏం చేయదండీ, చాలా మంచిది" అనే మాట అనం. భయపడేవాళ్ళకు ఆ మాట వల్ల ధైర్యం రాదు. పక్కకు జరగడం వల్ల వస్తుంది. అత్తయ్యగారు అందరికంటే ముందు నడుస్తున్నారు కాబట్టి పాప పక్కకే చేరారు.

"నాకూ భయమే తల్లీ," అన్నారు. "అదిగో, తాడు మా అబ్బాయి చేతిలో ఉంది చూడు. వాడు వదలడు. మనం అటు చూసుకుంటూ పోదాం, రా."

పాప ఆవిడ వేలు పట్టుకుని, మా వైపు చూడకుండా దాటి వెళ్ళింది. నాకు అక్కడ గొంతు పట్టేసింది. ఎనిమిది అడుగులని ఎవరో ఆఫీసులో కూర్చుని రాసిన ఒక నియమం ఆ ఇరుకు బాటలో పాపకూ, అత్తయ్యగారికీ, పండుకూ, ముగ్గురికీ చోటు చూపించింది. కుక్కంటే ప్రాణం పెట్టేవాళ్ళు చాలామంది లీష్‌ను శిక్షలాగా చూస్తారు. లీష్ లేకుండా వదిలేసిన కుక్కలు నాకూ దారుల్లో ఎదురయ్యాయి, "ఫ్రెండ్లీ" అంటూ యజమాని వంద గజాల దూరం నుంచి కేకేస్తాడు. ఆ కేక వినబడేలోపు అత్తయ్యగారి లాంటి మనిషి గుండె ఎన్నిసార్లు జారుతుందో వాళ్ళు ఆలోచించాలి. అలాంటివాళ్ళు ఎక్కువైతే చివరికి పార్కు వాళ్ళు కుక్కల్నే రావద్దంటారు, నష్టపోయేది పండు లాంటివాళ్ళే.

తిరిగి వస్తుంటే అవతలి ఒడ్డున గూడ్సు రైలు వెళ్ళింది. తూర్పు కొండ కిందనుంచి, నీళ్ళను ఆనుకునే పట్టాలు ఉన్నాయి. 1873లో రైలు వచ్చాకే ఇక్కడికి విహారయాత్రికులు, వాళ్ళ కోసం హోటళ్ళు వచ్చాయి. కూత కొండలకు కొట్టుకుని తిరిగి రాగానే పండు ఒక్కసారి చెవులు నిక్కించి మావారి కాళ్ళ మధ్య దూరాడు. "వాడికీ భయాలున్నాయే!" అని అత్తయ్యగారు ఆశ్చర్యపోయారు.

కారు తీసే ముందు దక్షిణపు ఒడ్డుకు వెళ్ళి, ఆదివాసులు పక్షి ఆకారంలో పోసిన మట్టి దిబ్బ చూశాం. వెయ్యేళ్ళ నాటిది. హో-చంక్ ప్రజలకు ఈ సరస్సు పవిత్రమైనది, ఆ దిబ్బ మీద నడవకూడదు. అత్తయ్యగారు చెప్పులు విడిచి, దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నారు. పండును మేం దరిదాపులకు కూడా తీసుకెళ్ళలేదు.

ఇంటికొచ్చాక అసలు పని మిగిలి ఉంది. విస్కాన్సిన్ అడవుల్లో జింకల మీద ఉండే పిడుదులు లైమ్ జబ్బును మోస్తాయి. పండుకు లైమ్ టీకా వేయించాం, నెలనెలా మందు ఇస్తాం, అయినా వెతకాల్సిందే. చెవుల లోపల, మెడ పట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ళ మధ్య. గరాజ్‌లో దుప్పటి పరిచి వాణ్ణి పడుకోబెట్టాను. నల్లటి బొచ్చులో నువ్వుగింజంత పురుగును పట్టుకోవడం తేలిక కాదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తయ్యగారు ఫోను లైటు వెలిగించి అక్కణ్ణుంచే పట్టారు.

"వెంట్రుకలకు ఎదురు దువ్వమ్మా. మా గేదెలకు గోమార్లు అలాగే తీసేవాళ్ళం."

ఎదురు దువ్వాను. కుడి చెవి వెనక ఒకటి దొరికింది, అప్పుడే పట్టుకున్నట్టుంది, ఇంకా ఉబ్బలేదు. పట్టకారును చర్మానికి ఆనించి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగితే తలతో సహా వచ్చేసింది. లైమ్ క్రిమి ఒంట్లోకి ఎక్కడానికి సాధారణంగా ఒక రోజుకు పైగానే పడుతుందని తెలుసు కాబట్టి నాకు పెద్ద టెన్షన్ లేదు. పురుగును టేపుకు అంటించి, తేదీ రాసి డబ్బాలో పెట్టాను. పండు కుంటినా, తిండి మానేసినా డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది. తరవాత అందరం మా సాక్సులూ, ప్యాంటు అంచులూ దులుపుకున్నాం. అత్తయ్యగారు తన చీర కుచ్చిళ్ళు రెండుసార్లు చూసుకుని, "వాడి ఎడం చెవి చూశావా?" అని అడిగారు.