తరుగు

మిర్యాలగూడలో బియ్యం మిల్లు గుమస్తా అంటే సీజన్‌లో నిద్ర లేనివాడని అర్థం. మాది వేములపల్లి దారిలో ఒక మోస్తరు మిల్లు. వడ్లు దిగే రోజుల్లో ట్రాక్టర్లు, లారీలు గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడతాయి. తేమ చూడాలి, కాటా చీటీ రాయాలి, ట్రక్ షీట్ మీద సంతకం పెట్టాలి. తేమ 17 శాతం దాటిందా, రైతుకూ నాకూ వాదన మొదలు. పదహారేళ్లుగా ఇదే పని. ఈ పదహారేళ్లలో నేను 31 కిలోలు పెరిగాను.

ఆ లెక్క తేల్చింది మా హమాలీలు. ఒక మధ్యాహ్నం పని లేక బస్తాల కాటా మీద ఒకరి తర్వాత ఒకరు నిలబడి బరువు చూసుకుంటూ నన్నూ పిలిచారు. ఎక్కాను. 94. "సార్‌కు క్వింటాలుకు ఆరు కిలోలే తరుగు తీసిర్రు" అన్నాడు హమాలీల మేస్త్రీ. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తేమ, తాలు పేరుతో వడ్ల తూకంలో కోసే ఈ తరుగు మా దగ్గర సరదా మాట కాదు, దానికోసం రైతులు రోడ్డెక్కుతారు. అందుకే ఆ జోకు అంత పేలింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. లేచి బ్యాగులో ఉన్న క్రీమ్ బన్ను తిన్నాను.

అసలు కథ ఆ బన్ను దగ్గరే ఉంది. నేను ఎక్కువ తింటానని ఇంట్లో ఎవరికీ తెలియదు. "మీరు తినేదే గుప్పెడాయె, గింత లావెట్లయితున్రు?" అనేది మా ఆవిడ. నిజమే, ఆమె ముందు గుప్పెడే తినేవాడిని. మిల్లులో పాత ట్రక్ షీట్ ఫైళ్ల వెనక నా దుకాణం ఉండేది. అరకిలో మిక్చర్ ప్యాకెట్, రెండు మూడు క్రీమ్ బన్నులు, బిస్కెట్లు, పెద్ద కూల్‌డ్రింక్ సీసా. రాత్రి పదకొండు దాటి ఆఫీసు గదిలో ఒక్కడినే మిగిలానంటే చెయ్యి దానంతట అదే ఫైళ్ల వెనక్కి పోయేది. రుచి మొదటి నాలుగు బుక్కల వరకే. తర్వాత ప్యాకెట్ ఖాళీ చేయడమే పని. ఖాళీ కవర్లు చొక్కా లోపల దాచుకుని, ఇంటికి పోయే దారిలో కాలువ వంతెన దగ్గర చెత్తలో వేసేవాడిని. ఒకసారి చీమలు వరుసగా ఫైళ్ల మీదికి ఎక్కుతుంటే సేటు చూసి, "ఈ లెక్కలంత తియ్యగున్నయా?" అన్నాడు. ఆయన సంగతి పట్టేశాడో, ఊరికే అన్నాడో ఇప్పటికీ అర్థం కాలేదు.

చాయ్ సంగతి వేరే. లారీ డ్రైవర్ వచ్చినా చాయ్, బ్రోకర్ వచ్చినా చాయ్. ఒకరోజు చీటీ వెనక గీతలు పెట్టుకుంటూ లెక్కేశాను. తొమ్మిది కప్పులు. కప్పుకు రెండు చెంచాలనుకున్నా 90 గ్రాముల చక్కెర. నెలకు దాదాపు 2.7 కిలోలు. బస్తాలు లెక్కపెట్టి బతికేవాడిని, ఇది మాత్రం ఏనాడూ లెక్కకు రాలేదు.

రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగరు సగటు 6.3 వచ్చింది. 5.7 నుంచి హద్దు మీద ఉన్నట్టు, 6.5కు చేరితే షుగరు జబ్బే. డాక్టరు రెండు నిమిషాల్లో "అన్నం తగ్గించండి" అని పంపించేశాడు. తగ్గించడం మన వల్ల అవుతుందా? పూర్తిగా మానేశాను. బియ్యం మిల్లులో పనిచేస్తూ బియ్యం మానేసిన మొనగాడిని నేను. పొద్దున ఏమీ లేదు, మధ్యాహ్నం కీరదోసకాయ, రాత్రి ఒక పుల్కా. 19 రోజులు అలా గడిచి నాలుగు కిలోలు తగ్గాను. ఇరవయ్యో రోజు నకిరేకల్లులో మా మేనమామ బిడ్డ పెండ్లి. బగారా అన్నం వాసన ముక్కుకు తగిలిందో లేదో, నాకు ఒళ్లు తెలియలేదు. మూడుసార్లు వడ్డించుకున్నాను. తిరుగు ప్రయాణంలో బస్టాండులో మళ్లీ బజ్జీలు. ఆ నెలలోనే నాలుగు కిలోలు తిరిగొచ్చాయి, వెంట ఇంకో రెండింటిని తీసుకొచ్చాయి.

ఇది నాలుక చాపల్యమా, రోగమా అని ఫోన్‌లో వెతకడం మొదలుపెట్టాను. ఇంకా వివాదం తెగని విషయమే అది. తిండి వ్యసనానికి డాక్టర్ల అధికారిక జాబితాలో విడిగా పేరు లేదు. కానీ 2009లో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాన్ని కొలవడానికి 25 ప్రశ్నలు తయారుచేశారు. అనుకున్నదానికంటే ఎక్కువ తింటున్నావా, చెడు చేస్తోందని తెలిసీ ఆపలేకపోతున్నావా, ఇలా సాగుతాయి. చదువుతుంటే ఎవరో ఆఫీసు గది కిటికీలోంచి నన్ను చూసి రాసినట్టు అనిపించింది. అమెరికాలో 2019లో అచ్చయిన ఇంకో ప్రయోగం నన్ను మరీ ఆలోచనలో పడేసింది. 20 మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానమే, కావలసినంత తినొచ్చు. ఫ్యాక్టరీ తిండి రోజుల్లో వాళ్లు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. అంటే తప్పంతా నా నాలుకది కాదు, కవరులో ఉన్నదానిది కూడా. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆ కవరు కొనేది నేనే కదా.

చివరికి ఈ సంగతి చెప్పుకున్నది భార్యకు కాదు, డాక్టరుకు కాదు, మేస్త్రీకి. ఎందుకంటే ఆయన ఆరేళ్ల కింద మందు మానేశాడు. ఫైళ్ల వెనక దుకాణం చూపించాను. నవ్వలేదు. "నాకు నయ్యం సార్. షాపు దారే మార్చుకున్న, మళ్ల ముట్టలే. మీరు రోజుకు మూడుసార్లు ముట్టాలె, ముట్టి లేవాలె. గది కష్టం" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "మా లెక్క కూసోని తినుర్రి."

హమాలీలు పొద్దున తొమ్మిదింటికి తింటారు. రేకుల షెడ్డు కింద గుండ్రంగా కూర్చుని, డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని. జొన్న రొట్టెలు, పచ్చి పులుసు, గోంగూర పప్పు, ఒక్కొక్కరూ నాకంటే రెండింతలు తింటారు. కానీ దాచుకుని తినరు. అక్కడ కూర్చున్న మొదటిరోజు నాకు రొట్టె సగం తినేసరికే సిగ్గేసింది. పదిమంది చూస్తుండగా కడుపు నిండా తిని ఎన్నేళ్లయిందో.

అప్పటినుంచి పొద్దున రెండు జొన్న రొట్టెలు, పప్పు. మధ్యాహ్నం అన్నమే, కానీ కూర ఎక్కువ, పక్కన పెరుగు. సాయంత్రం ఆరింటికి గుప్పెడు పల్లీలో ఉడికిన శనగలో. మా తాత జొన్నలే తిన్నాడు. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక మా చేలన్నీ వరి మడులైతే, రొట్టె పేదల తిండి అయిపోయింది. ఇప్పుడు జొన్న రొట్టె హోటల్లో తినాలంటే డబ్బులు ఎక్కువే పెట్టాలి, అది వేరే సంగతి. నాకు అర్థమైంది ఒక్కటే. పగలు కడుపు సరిగా నింపిన రోజున రాత్రి ఫైళ్లు నన్ను పిలవవు, పిలిచినా గట్టిగా పిలవవు. ఇన్నేళ్లూ పగలు నిష్ఠగా ఉన్నందుకే రాత్రి దొంగనయ్యాను.

చాయ్ మూడు కప్పులకు వచ్చింది. చక్కెర సగం చెంచా కంటే తగ్గించలేకపోయాను, అక్కడ రాజీపడ్డాను. సేటును అడిగి ఇంకో గుమస్తాతో రాత్రులు పంచుకున్నాను. నాలుగు గంటలే పడుకున్న మర్నాడు పొద్దంతా తీపి మీదికే మనసు పోయేది. నిద్ర తగ్గితే ఆకలి పెంచే హార్మోన్ ఎగదన్నుతుందని తర్వాత చదివాను. పొద్దున కాలువ గట్టు మీద నలభై నిమిషాలు నడుస్తాను. మొదటి వారం మోకాళ్లు ఏడిపించాయి. మా ఆవిడకు మొత్తం చెప్పేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది. తిట్టలేదు, రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు డబ్బాలో రెండు బదులు మూడు రొట్టెలు పెట్టింది.

పోయిన యాసంగిలో మళ్లీ పడ్డాను. వాన మొగులు పట్టింది, వడ్లు బయట ఉన్నాయి, గేటు దగ్గర గొడవ, టెన్షన్. రాత్రి ఒంటిగంటకు డ్రైవర్ ఒకాయన ఇచ్చిన మిక్చర్ ప్యాకెట్ మొత్తం తినేశాను. పాత నేనైతే మర్నాడు ఉపవాసం ఉండి, సాయంత్రానికి ఇంకో ప్యాకెట్ తెప్పించేవాడిని. ఈసారి తొమ్మిదింటికి షెడ్డు కిందికి పోయి కూర్చున్నాను. ఆకలి లేకున్నా ఒక రొట్టె తిన్నాను. మేస్త్రీకి చెప్పాను. "మిక్చర్ ఎవలిదో మంచిగున్నట్టుంది" అన్నాడు, అంతే.

పద్నాలుగు నెలలైంది. షుగరు సగటు 5.8కి దిగింది, అంటే ఇంకా హద్దు మీదే ఉన్నాను. మొన్న బస్తాల కాటా ఖాళీగా ఉంటే ఎక్కాను. 81. మేస్త్రీ వంగి అంకె చూసి, చీటీ రాస్తున్నట్టు గాలిలో చెయ్యి తిప్పి, "పదమూడు కిలోల తరుగు. ఏ రైతన్న ఒప్పుకుంటడా సార్?" అన్నాడు.