సంతాప దినాల్లో శరదృతువు

2022 సెప్టెంబరు 8 సాయంత్రం రెండో ఎలిజబెత్ రాణి మరణవార్త వెలువడింది. మరునాటి నుంచి 19వ తేదీన అంత్యక్రియలు ముగిసేదాకా బ్రిటన్ అంతటా జాతీయ సంతాప దినాలు పాటించారు. ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో నన్ను ఆకట్టుకున్న మాట ఒకటుంది: కార్యక్రమాలను రద్దు చేసుకోవాలన్న నిర్బంధం గానీ, దుకాణాలు మూయాలన్న నియమం గానీ లేవు; ఎవరికి ఏది సముచితమని తోస్తే వారు అది చేయవచ్చు. ఆ వెసులుబాటు మంచిదే. కాకపోతే ప్రతి సంస్థా తన దుఃఖాన్ని తానే కొలిచి చూపవలసి వచ్చింది. ఆ వారాంతపు ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీలన్నీ వాయిదా పడగా, ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికాతో జరుగుతున్న టెస్టు మ్యాచ్ శుక్రవారం ఆగి శనివారం తిరిగి మొదలైంది. రెండింటిలో ఏది ఎక్కువ గౌరవమో ఎవరూ తేల్చలేకపోయారు, తేల్చవలసిన అవసరమూ నాకు కనబడలేదు.

ఈ దుఃఖంలో నా వాటా ఎంత అన్న ప్రశ్నను నేను తప్పించుకోలేను. వలస పాలనలో నలిగిన నేల మీద పుట్టినవారికి ఆ కిరీటం పట్ల భక్తి కలగడం కష్టం. 1983 నవంబరులో రాణి హైదరాబాదు వచ్చి, బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చికి వెళ్లారన్న సంగతి మా ఇంట్లో పెద్దలు ఒక వింతగా చెప్పుకునేవారే తప్ప, అందులో ఆరాధన ఏమీ ఉండేది కాదు. అయితే ఇక్కడ బ్రిటన్‌లో మా పక్కింటి పెద్దావిడ సంగతి వేరు. 1953లో పట్టాభిషేకాన్ని ఎవరింట్లోనో టెలివిజన్‌లో, వీధి వీధంతా ఒక గదిలో ఇరుక్కుని చూసినప్పుడు ఆవిడ చిన్నపిల్ల. ఆవిడ కంటతడి పెట్టుకుంటే పక్కన నిలబడడానికి నాకు రాచరికం మీద ఒక అభిప్రాయం ఉండనక్కరలేదు. సెప్టెంబరు 11న భారత ప్రభుత్వం కూడా ఒకరోజు సంతాపం ప్రకటించి జెండాలను అవనతం చేసింది. దాని మీద మన దేశంలో వచ్చిన కోపాన్నీ నేను అర్థం చేసుకోగలను.

ఆ రోజుల్లో ఊరి వేగం తగ్గింది. టెలివిజన్‌లో ఒకే దృశ్యం గంటల తరబడి సాగుతుంటే, కట్టేసి నడకకు వెళ్లడం తప్ప నాకు వేరే పని తోచలేదు. ఆ ఏడాది శరదృతువు తన వేళకు రాలేదు. జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో ఉష్ణోగ్రత 40.3 డిగ్రీలకు చేరింది. ఆపైన వచ్చిన కరవుకు తట్టుకోలేక ఆగస్టులోనే కొన్ని చెట్లు ఆకులు రాల్చేశాయి. నీటిని కాపాడుకోవడానికి చెట్టు ఆకును వదులుకోవడమే అది. తొందరపడి వచ్చిన ఆ రంగును చూసి జనం శరత్తని భ్రమపడ్డారు. అసలు శరత్తు మాత్రం సెప్టెంబరు వానల వెంట, రోజుకు సుమారు నాలుగు నిమిషాల చొప్పున పగటిని తగ్గించుకుంటూ నెమ్మదిగా వచ్చింది.

కంచె పొదల్లో బ్లాక్‌బెర్రీలు నల్లబడి ఉన్నాయి. పండు కొనకొమ్మకు ముందుగా వస్తుంది, అదే అన్నిటికన్నా తీయన. లోపలికి వెళ్లేకొద్దీ గింజ ఎక్కువ, తీపి తక్కువ. కోసేటప్పుడు ముల్లు గీరక మానదు, వేళ్లకు అంటిన ఊదారంగు సాయంత్రం దాకా పోదు. సెప్టెంబరు 29న వచ్చే సెయింట్ మైకేల్ పండుగ తర్వాత ఈ పండ్లు కోయకూడదని ఇక్కడి పాతకాలపు నమ్మకం. ఆ రోజు స్వర్గం నుంచి కిందపడ్డ సైతాను ఈ ముళ్లపొద మీద పడి, ఆ కోపంతో పండ్ల మీద ఉమ్మేశాడట. చలి, తడి పెరిగాక పండు బూజు పట్టి రుచి పోవడం నిజమే గనుక, కథలో కారణం తప్పయినా తేదీ సరిపోయింది.

హార్స్ చెస్ట్‌నట్ చెట్ల కింద ముళ్ల పొట్టు పగిలి కాయలు రాలుతున్నాయి. వాటినే కాంకర్లంటారు. ఇవి తినడానికి పనికిరావు. పిల్లలు వాటికి కన్నం పొడిచి దారం గుచ్చి, ఒకరి కాయను మరొకరి కాయతో కొట్టి పగలగొట్టే ఆట ఆడతారు. పొట్టులోంచి అప్పుడే తీసిన కాయ నూనె రాసిన రోజ్‌వుడ్ బల్లలా మెరుస్తుంది. కొద్దిరోజుల్లో ఆ మెరుపు పోతుందని తెలిసీ నేను ఏటా జేబుల నిండా వేసుకుంటాను.

ఆ పది పన్నెండు రోజుల్లో చదివిన వార్తల్లో నా మనసులో నిలిచినది ఊరేగింపుల గురించినది కాదు. బకింగ్‌హామ్ ప్యాలెస్, క్లారెన్స్ హౌస్ అనే రాజభవనాల్లోని తేనెపెట్టెల దగ్గరికి రాజవంశపు తేనెటీగల పెంపకందారు వెళ్లి, పెట్టెలకు నల్ల రిబ్బన్లు కట్టి, ఒక్కొక్కదాన్నీ మెల్లగా తట్టి, మీ యజమానురాలు మరణించారు, కొత్త యజమాని మిమ్మల్ని బాగానే చూసుకుంటారు అని చెప్పారట. ఇంట్లో చావు జరిగితే తేనెటీగలకు కబురు చెప్పాలని, చెప్పకపోతే అవి తేనె పెట్టడం మానేస్తాయని ఇక్కడ ఏనాటి నుంచో ఉన్న ఆచారం ఇది. కొందరు దీన్ని చూసి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. భాద్రపద బహుళంలో కాకికి పిండం పెట్టి ఎదురుచూసే కుటుంబంలో పుట్టినదాన్ని. పైగా ఆ ఏడాది మన మహాలయ పక్షం వీళ్ల సంతాప దినాలతో దాదాపు కలిసి నడిచింది.

ఆ వార్త చదివిన మరునాడు మా వీధి చివరి గోడ మీది ఐవీ తీగ దగ్గర ఆగి చూశాను. అన్ని పూలూ అయిపోయాక పూసే తీగ అది, ఆకుపచ్చని చిన్న గుత్తులు పువ్వులనిపించవు కూడా. గోడంతా తేనెటీగల రొద. చలికాలానికి దాచుకోవలసిన మకరందంలో ఆఖరి భాగం వాటికి ఇక్కడే దొరుకుతుంది. తేనెపట్టులో ఇది కఠినమైన కాలం కూడా. తిండి ఖర్చు తగ్గించుకోవడానికి శ్రామిక ఈగలు మగ ఈగలను ఈ నెలల్లోనే బయటికి గెంటేస్తాయి. రాజ్యంలో ఎవరు పోయినా వాటి లెక్క వాటికుంది. అక్కడ నిలబడ్డంతసేపూ నాకు కలిగింది సంతోషమే. ఆ సంతోషం అపచారమని నాకు అనిపించలేదు, ఎందుకంటే అందులో హడావుడి లేదు, ఎవరి దుఃఖానికీ అడ్డు రాలేదు.

వెస్ట్‌మిన్‌స్టర్ హాల్‌లో పార్థివదేహాన్ని చూడడానికి సుమారు రెండున్నర లక్షల మంది థేమ్స్ ఒడ్డున వరుస కట్టారు. నేను వెళ్లలేదు. పార్కుల్లో జనం ఉంచిన పూలను ప్లాస్టిక్ కాగితాలు తీసి పెట్టమని అధికారులు ముందే కోరారు; వాడిపోయాక వాటిని ఎరువు చేసి పార్కుల్లోనే మొక్కలకు వేయాలన్నది ఆలోచన. ఈ మొత్తం ఏర్పాట్లలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

రాజకుటుంబం పాటించిన సంతాపం అంత్యక్రియల తర్వాత మరో ఏడు రోజులు సాగింది, అంటే 26వ తేదీ దాకా. అంతకు ముందురోజే పెత్రమాస, ఎంగిలిపూల బతుకమ్మ. మా తెలుగువాళ్ల సంఘంలో ఆ ఏడాది బతుకమ్మను వాయిదా వేద్దామా అన్న చర్చ వచ్చింది. వద్దన్నాను. పెద్దలను తలచుకున్న రోజునే పూల పండుగ మొదలుపెట్టే ఆనవాయితీ ఉన్నవాళ్లం మనం; పైగా మేము ఆడేది అక్టోబరు మొదటి శనివారం, అప్పటికి జెండాలు కూడా పైకి లేస్తాయి. చివరికి అందరూ సరేనన్నారు. తంగేడు ఇక్కడ దొరకదు గనుక పసుపు చామంతులు, మధ్యలో డాలియాలు, అంచుకు మైకేల్మస్ డైసీలు అనుకున్నాం. గునుగుకు బదులు ఏం పెట్టాలన్నది మాత్రం అప్పటికింకా తేలలేదు.