ఉడకబెట్టినా చెడని ఎంజైమ్

మే నెలలో కడపలో మనం ఉడికిపోతాం గానీ, అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో దొరికిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియాకు 70 డిగ్రీలంటే హాయి. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ టెస్టులకు ఊపిరైన టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ దీనిదే.

ఇలాంటి ఎంజైములను శుద్ధి చేసే తీరు నాకు భలే ఇష్టం. ఆ ఎంజైమ్ జీన్‌ను ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాలో పెట్టి పెంచి, కణాలను పగలగొట్టి, ఆ ద్రవాన్ని కాసేపు వేడిచేస్తే ఈ.కోలై ప్రొటీన్లు చాలావరకు విరిగిన పాలలా ముద్దకడతాయి, మనకు కావాల్సింది పైన తేటలో మిగులుతుంది.

ఎంజైమ్ ఆకారం తెలుసుకోవడానికి దాన్ని స్ఫటికాలుగా పెంచుతారు, అసలు టెన్షన్ అక్కడే. గాజుపలక కింద వేలాడే ప్రొటీన్ ద్రావణం చుక్కలో ఏదో మెరిసిందని సంబరపడకండి, సూదితో పొడిస్తే గట్టిగా ఉన్నది చాలాసార్లు ఉత్త ఉప్పే, ప్రొటీనైతే ఇట్టే నలిగిపోతుంది. గది వేడి మారినా పెరుగుదల చెడుతుంది, అందుకే కరెంటు కోతంటే నాకు ఒళ్లుమంట. మంచిది దొరికితే ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరి వేసే మచ్చల లెక్కతో ఎంజైమ్‌లోని పరమాణువుల అమరిక కడతారు. టాక్ నిర్మాణం 1995లో అలాగే తేలింది.