అమ్మ విన్న కిల్

నిన్న రాత్రి సర్వర్ మొండికేసింది. ఫోన్‌లో జూనియర్‌కి చెబుతున్నాను: "ముందు పిల్లల్ని కిల్ చెయ్. చావకపోతే మైనస్ తొమ్మిది పెట్టు. పేరెంట్ సంగతి తర్వాత చూద్దాం."

హాల్లో గోంగూర వలుస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఎవర్ని రా?"

కూర్చోబెట్టి చెప్పాల్సొచ్చింది. కిల్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపమనే ఆజ్ఞ, మైనస్ తొమ్మిది పెడితే బలవంతంగా ఆపడం. నడుస్తున్న ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పుట్టిస్తే అది పిల్ల. పిల్ల చచ్చిన కబురు తల్లి అందుకోకపోతే అది జాంబీ, ఇక ఎన్నిసార్లు కిల్ కొట్టినా కదలదు. తల్లే ముందు పోతే పిల్ల అనాథ. అప్పుడు మామూలుగా ఇనిట్ అనే ఒకటో నంబర్ ప్రాసెస్ దాన్ని దత్తత తీసుకుంటుంది.

"పోన్లే, దిక్కు దొరికింది," అంటూ మళ్ళీ కాడ అందుకుంది.

ఈ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో పేర్లు పెట్టినవాళ్ళు అక్షరాల దగ్గర మహా పిసినారులు. ఫైళ్ళలో మాటలు వెతికే గ్రెప్ అంటే నాకు మొదట్లో త్రేన్పులా వినిపించేది. పాత ఈడీ ఎడిటర్‌లో వెతికి చూపించే జీ/ఆర్ఈ/పీ ఆజ్ఞే అది. టెక్స్ట్‌లోంచి కావాల్సింది ఏరే ఆక్ మరీ అన్యాయం: దాన్ని రాసిన అహో, వైన్‌బర్గర్, కెర్నిహాన్, ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు. ఫైల్‌ని పేజీ పేజీగా చూపించే మోర్ కన్నా ఎక్కువ పని చేసేదాని పేరు లెస్! ఫైల్ పుట్టించే క్రియేట్‌కి చివర 'ఈ' ఉండదు. యూనిక్స్ మళ్ళీ రాస్తే ఏం మారుస్తారని దాన్ని సృష్టించినవాళ్ళలో ఒకడైన కెన్ థాంప్సన్‌ని అడిగితే, ఆ 'ఈ' పెడతానన్నాడట.

పొద్దున్నే కాఫీ ఇస్తూ అమ్మ అడిగింది, "ఆ అనాథ ఎలా ఉందిరా?"

రాత్రే రీస్టార్ట్‌లో పోయిందని చెప్పడానికి నోరు రాలేదు.