తెల్లారేసరికి దిండు పక్కన మాస్క్

ఈ రోజు కూడా అలారం మోగకముందే మెలకువ వచ్చేసింది, కళ్లు తెరవకుండానే చెవి అటు పెట్టా, నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్‌లోంచి గాలి ఊదే సీపాప్ మెషిన్ చప్పుడు లేదు. మా ఆయన అటు తిరిగి గురక పెడుతున్నారు, మాస్క్ దిండు పక్కన పడుంది, గొట్టం మంచం మీంచి కిందకి వేలాడుతోంది. లేచి మెషిన్ స్క్రీన్ చూశా, మాస్క్ పెట్టుకున్నది 3 గంటల 10 నిమిషాలు. నిన్న 2 గంటల 50. మొన్న అసలు పెట్టుకోలేదు, జలుబు అన్నారు.

"మళ్లీ తీసేశారా" అని నోటిదాకా వచ్చింది, మింగేశా. ఆయన కావాలని తియ్యరు, తీసినట్టు కూడా ఆయనకి గుర్తుండదు, పొద్దున్నే మొహం తడుముకుని "ఎప్పుడు తీశాను నేను" అని నన్నే అడుగుతారు. అలా అడిగిన మనిషిని ఇంకేమంటాం.

ఈ సీపాప్ మెషిన్ ఇంటికొచ్చి 40 రోజులైంది. అంతకుముందు రాత్రులు ఎలా గడిచాయో నాకే తెలుసు. గురకకి నేను ఎప్పుడో అలవాటు పడిపోయా, గురక ఆగిపోతేనే నాకు మెలకువ వచ్చేది. పొట్ట ఎగదన్నుతూనే ఉంటుంది, ఛాతీ కదులుతూనే ఉంటుంది, ముక్కు దగ్గర చెయ్యి పెడితే మాత్రం గాలి తగలదు. మనసులో లెక్కపెట్టుకునేదాన్ని, పది, పదిహేను, ఇరవై, ఒక్కోసారి ముప్పై కూడా దాటేది, అప్పుడు ఒక్క ఉదుటున ఊపిరి లాగి మళ్లీ గురక మొదలెట్టేవారు, అప్పటిదాకా నా ఊపిరి కూడా బిగబట్టుకుని ఉన్నానని నాకు అప్పుడు తెలిసేది. స్లీప్ టెస్ట్‌లో గంటకి 42 సార్లు అని వచ్చింది. 10 సెకన్లకి తగ్గకుండా ఊపిరి ఆగినా, బాగా తగ్గిపోయినా ఒకటి కింద లెక్కేస్తారు, గంటకి 5 లోపుంటే మామూలే, 30 దాటితే తీవ్రం అంటారు. నిద్రలో గొంతు కండరాలు వదులైపోయి గాలి దారి మూసుకుపోవడం, మెదడు ఉలిక్కిపడి తట్టి లేపడం, రాత్రంతా ఇదే పని. ఆయనకేమో ఇవేవీ తెలీవు, "8 గంటలు పడుకున్నా కదా, తల ఇంత దిమ్ముగా ఉందేంటి" అనేవారు. కునికిపాట్లు ఎక్కువైపోయి కారు తాళాలు తనే తెచ్చి నా చేతిలో పెట్టిన రోజు ఇంకా కళ్ల ముందే ఉంది.

రాత్రికి కనీసం 4 గంటలైనా పెట్టుకోవాలని చెప్పి పంపారు. అది కనీసం మాత్రమే, అక్కడితో ఆగమని కాదు. కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, ఆ నిద్రలో ఒంట్లో కండరాలు ఇంకా వదులైపోతాయి, చాలామందికి ఊపిరి ఎక్కువగా ఆగేది కూడా అప్పుడే. సరిగ్గా ఆ టైమ్‌కే మా ఇంట్లో మాస్క్ దిండు పక్కన ఉంటోంది.

మధ్యాహ్నం మాస్క్ సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టా, ఆరాక చేతిలోకి తీసుకుంటే ఎందుకో ఒకసారి నేనే పెట్టుకుని చూద్దామనిపించింది. ఇన్ని రోజులూ ఈ ఆలోచన ఎందుకు రాలేదో. ముక్కు మీద పెట్టుకుని, స్ట్రాప్స్ తల వెనక్కి లాక్కుని మెషిన్ ఆన్ చేశా. మొదట మెల్లగానే ఉంది, పడుకున్న కాసేపటికి ప్రెషర్ పెరుగుతూ వచ్చింది, ఊపిరి పీల్చుకోవడం సులువే కానీ వదలాలంటే ఎదురుగాలిలో నడుస్తున్నట్టు ఉంది, బయటికి తోసిన ప్రతి ఊపిరికీ అవతలి నుంచి ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు. గుండె దడదడలాడింది. ఆయన్ని పిలుద్దామని నోరు తెరిచా అంతే, ముక్కులోకి వెళ్తున్న గాలంతా నోట్లోంచి తుస్సుమని బయటికొచ్చేసింది, మాట రాలేదు, నిమిషంలో నాలుక పిడచకట్టుకుపోయింది. లాగి పక్కన పడేశా. నేను ఉన్నది ఆరు నిమిషాలు. పూర్తి మెలకువలో ఉండి ఆరు నిమిషాలు.

అక్కడే కూర్చుండిపోయా. ఆయన నోరు తెరుచుకునే పడుకుంటారు, మంచం పక్కన పెట్టిన నీళ్ల సీసా పొద్దున్నకల్లా ఖాళీ అవుతోంది, రెండూ రోజూ చూస్తూనే ఉన్నా కదా. మెషిన్ కూడా గంటల అంకె కింద గాలి లీక్ ఎక్కువుందని రోజూ చూపిస్తోంది, నేను పైన గంటల అంకె ఒక్కటే చూసి ముఖం ముడుచుకుంటున్నా. వెంటనే మెషిన్ ఇచ్చినతనికి ఫోన్ చేశా, నోటి లీక్ ఇలాగే ఉంటుందండీ, ముక్కు, నోరు రెండూ కప్పే మాస్క్ ఒకసారి వేసి చూద్దాం, ఈలోపు గాలికి తేమ పట్టించే హ్యుమిడిఫైయర్ కొంచెం పెంచండి, సాయంత్రాలు మెలకువగా ఉన్నప్పుడు కూర్చుని కాసేపు పెట్టుకోమనండి, మనసుకి అలవాటవుతుంది అన్నాడు. ఎల్లుండి రమ్మన్నాడు.

సాయంత్రం ఆయనకి చెప్పా, నేను పెట్టుకున్నానండీ, ఆరు నిమిషాలు కూడా ఉండలేకపోయా, మీరు 3 గంటలు ఎలా ఉంటున్నారు అని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "లైట్ ఆపాకే పెట్టుకుంటా ఎందుకో తెలుసా, నువ్వు నన్ను అలా చూడ్డం నాకు ఇష్టం లేదు, పేషెంట్‌లా" అన్నారు. చీకట్లో చేతికందినట్టు స్ట్రాప్స్ బిగించేసుకుంటున్నారట, అందుకే ఒకవైపు చెంప మీద ఎర్రగా గాడి పడుతోంది, ఇంకోవైపు గాలి కంట్లోకి కొడుతోంది, అది ఆపడానికి ఇంకా బిగిస్తున్నారు, బిగించేకొద్దీ మాస్క్ అంచు సిలికాన్ మడతపడి లీక్ ఇంకా పెరుగుతోంది. 40 రోజుల నుంచి పక్కనే పడుకుంటున్నా నాకు ఈ సంగతి తెలీదు. చాలా బాధేసింది.

ఈ మెషిన్ పుట్టుక గురించి చదివింది చెప్పా. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ అనే డాక్టర్ మొదలుపెట్టారు, వ్యాక్యూమ్ క్లీనర్ మోటార్ గాలి లాగే బదులు ఊదేలా తిప్పి వాడేవారు, మొదటి రోజుల్లో మాస్క్‌ని రోజూ రాత్రి ముక్కుకి జిగురుతో అంటించుకుని పడుకునేవారు పేషెంట్లు. అంతకుముందు తీవ్రంగా ఉన్నవాళ్లకి గొంతు దగ్గర కోసి రంధ్రం పెట్టడమే దారి. మా ఆయన గొంతు తడుముకున్నారు. "జిగురా" అన్నారు. రోజూ జిగురు పెట్టుకుని మరీ పడుకున్నారంటే దాంతో వాళ్లకి ఎంత హాయి దొరికి ఉంటుందో, మీకు కూడా ఆ ఒక్క మంచి నిద్ర దొరకాలి, నాకు కావాల్సింది అంతే అన్నా.

టీవీ ముందు అరగంట కూర్చున్నారు, మొదట స్ట్రాప్స్ లేకుండా మాస్క్ చేత్తో పట్టుకుని, తర్వాత తగిలించుకుని. మధ్యలో రెండుసార్లు తీశారు, మళ్లీ తనే పెట్టుకున్నారు. నేను టైమ్ చూడలేదు.

ఇప్పుడు పదకొండున్నర. ఆయన వెల్లకిలా పడుకున్నాక, మెషిన్ నడుస్తుండగానే స్ట్రాప్స్ అన్నీ వదులు చేసి, కింద ఒక వేలు దూరేలా మళ్లీ సర్దా. కూర్చుని సర్దుకుంటే పడుకోగానే మొహం తీరు మారిపోయి మాస్క్ జారిపోతుంది, అదీ ఈ రోజే తెలిసింది. కంటి దగ్గర చెయ్యి పెట్టి చూశా, గాలి తగల్లేదు. లైట్ ఆపబోతుంటే వద్దని చెయ్యి ఊపారు, నువ్వు రాసుకో అన్నట్టు పుస్తకం వైపు చూపించి కళ్లు మూసుకున్నారు.