గ్రహణం చూసేందుకు లక్సర్ ప్రయాణం: పర్మిషన్ కాగితం చేతికొచ్చేదాకా నా అనుభవం

విదేశీ ప్రయాణానికి పర్మిషన్ కాగితం నిన్న చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. 2027 ఆగస్టు 2, సోమవారం నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి చెల్లె, నేను ఈజిప్టులోని లక్సర్ పోతున్నాం. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ వైపు నుంచి ఇంకెవరికైనా పోవాలని ఉంటే, ముఖ్యంగా సర్కారు కొలువులో ఉన్నవాళ్లు, ఇది చివరిదాకా చదవండి.

లక్సరే ఎందుకని అందరూ అడుగుతున్నారు. ఆ రోజు చంద్రుడి నీడ అట్లాంటిక్ సముద్రంలో మొదలై స్పెయిన్ దక్షిణపు కొస, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, లిబియా, ఈజిప్టు, సౌదీ, యెమెన్ దాటి సోమాలియా దాకా పోతుంది. సంపూర్ణ గ్రహణం అన్నింటికంటే ఎక్కువసేపు ఉండేది లక్సర్‌కు ఆగ్నేయంగా, 6 నిమిషాల 23 సెకన్లు. లక్సర్ పట్నంలో అంతకు కొద్ది సెకన్లే తక్కువ. ఆ రోజుల్లో భూమి సూర్యుడికి కొంచెం దూరంగా ఉంటుంది కాబట్టి సూర్యబింబం చిన్నది. చంద్రుడు భూమికి దగ్గరగా ఉంటాడు కాబట్టి చంద్రబింబం పెద్దది. పైగా నీడ పోయే దిక్కుకే భూమి కూడా తిరుగుతుంటుంది, భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఆ వేగం ఎక్కువ. అందుకే నీడ మనల్ని దాటిపోవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంతకంటే పొడవైన సంపూర్ణ గ్రహణం మళ్లీ 2114లోనే.

మబ్బు సంగతి ఇంకా ముఖ్యం. 2009 జులై 22న సంపూర్ణ గ్రహణం మన దేశం మీదుగానే పోయింది. బీహార్‌లోని తారేగ్నాకు జనం ఎగబడి పోయారు, తీరా ఆ పొద్దున మబ్బు కమ్మింది. వానాకాలంలో మన దగ్గర గ్రహణమంటే అంతే. లక్సర్ ఎడారి పట్నం, ఆగస్టులో ఆకాశంలో మబ్బు తునక కనపడటమే అరుదు. భయపడాల్సింది ఎండకు, దుమ్ముకు. 2026 ఆగస్టు 12 నాటిది స్పెయిన్‌లో పొద్దు గుంకే వేళకు, సూర్యుడు బాగా కిందికి దిగాక పడుతుంది. కొండో బిల్డింగో అడ్డమొస్తే అయిపోయినట్టే. 2028 జులై 22ది సిడ్నీ మీదుగా పోతుంది, అప్పుడు వాళ్లకు చలికాలం. మన దేశంలో అయితే 2034 మార్చి 20 దాకా ఆగాలి, అదీ లడఖ్ వైపు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే లక్సర్‌కు సాటి లేదు.

“ఇక్కడ కూడా పాక్షికంగా కనపడుతుంది కదా, అంత దూరం ఎందుకు” అనేవాళ్లకు ఒక్క లెక్క చెప్తాను. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా వెలుగు సూర్యబింబం వెలుగులో సుమారు పది లక్షల్లో ఒక వంతు. 99 శాతం గ్రహణం పట్టినా మిగిలిన ఆ ఒక్క శాతం బింబం కరోనా కంటే పదివేల రెట్లు వెలుగుతుంటుంది. అంటే కరోనా కనపడదు, చుక్కలు కనపడవు, పట్టపగలు చీకటి కాదు. 99కీ 100కీ మధ్య ఉన్నది ఒక్క శాతం తేడా అనుకుంటే మోసపోతాం. ఈ మాట ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో!

పాస్‌పోర్టు రెన్యువల్ సాఫీగానే అయింది. ఆన్‌లైన్‌లో అప్లికేషన్, 36 పేజీలకు 1,500 రూపాయల ఫీజు, వరంగల్‌లోనే పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రం. ప్రభుత్వ ఉద్యోగులు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం నెలలు తిరగక్కర్లేదు. ‘అనెగ్జర్ హెచ్’ అనే నమూనాలో మీ ఆఫీసుకు ముందస్తు సమాచారం ఇచ్చి, ఆ కాపీ పట్టుకుపోతే చాలు. ఈజిప్టులో దిగే నాటికి పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి.

నన్ను ఏడిపించింది మాత్రం విదేశీ ప్రయాణం పర్మిషన్.

పాస్‌పోర్టు ఉన్నంత మాత్రాన ప్రభుత్వ ఉద్యోగి దేశం దాటకూడదు. పై అధికారి అనుమతి కావాలి, సెలవు మంజూరు కావాలి. దరఖాస్తు ‘ప్రాపర్ ఛానల్’ ద్వారానే పోవాలి. అంటే మన ఆఫీసు నుంచి కవరింగ్ లెటర్‌తో పై ఆఫీసుకు, అక్కడి నుంచి ఇంకా పైకి. దాంతోపాటు డిపార్ట్‌మెంట్ విచారణలు, కేసులు ఏవీ లేవని ఒక సర్టిఫికెట్, ఖర్చంతా నా సొంతమని డిక్లరేషన్, అక్కడ ఉద్యోగం చూసుకోనని, సెలవు పొడిగించనని హామీపత్రం, పాస్‌పోర్టు జిరాక్సు, సెలవు దరఖాస్తు. ఇవన్నీ మూడేసి సెట్లు చేసి ఇచ్చాను. ‘ప్రయాణ ఉద్దేశం’ అనే కాలమ్‌లో ఉన్నదున్నట్టు ‘సంపూర్ణ సూర్యగ్రహణ వీక్షణం’ అని రాశాను.

ఆ రెండు ముక్కల దగ్గరే ఫైలు ఆగింది.

పై ఆఫీసులో ఆ సీటు చూసే ఆయన నా దరఖాస్తును హాలంతా వినపడేలా చదివాడు. “గ్రహణం చూసేటందుకు దేశంగాని దేశం పోతరా మేడం? గ్రహణం ఈడ గూడ పడ్తది గద!” అన్నాడు. పక్క సీట్లవాళ్లు తలెత్తి చూశారు. “గ్రహణం నాడు గడప దాటొద్దంటరు, మీరేమో సముద్రమే దాటుతరు. ఇంట్ల సార్‌కు ఎరుకేనా?” అని ఇంకో ఆయన. అందరూ నవ్వారు. నా సర్వీసులో ఎవరి ఫైలునూ అట్లా నలుగురిలో చదివి నవ్వలేదు నేను. మగవాళ్లు దుబాయ్‌లో షాపింగ్‌కు పోతామని రాస్తే కిమ్మనకుండా సంతకం చేసే సీటు అది. ఆడమనిషి ఆకాశం చూడటానికి పోతానంటే మాత్రం మొగుడికి తెలుసా అని అడుగుతారు.

తర్వాత మొదలయ్యాయి కొర్రీలు. మొదటిది: ఉద్దేశం స్పష్టంగా లేదు, ఆహ్వాన పత్రం జతచేయాలి. ఎవరి ఆహ్వానం? సెమినార్‌కు పోయేవాళ్లకు ఆహ్వానం ఉంటుంది, బంధువుల దగ్గరికి పోయేవాళ్లకు ఉంటుంది, సొంత ఖర్చుతో పోయి సూర్యుణ్ణి చూసేవాళ్లకు ఉండదు. ఆ మాటే కాగితం మీద మర్యాదగా రాసిచ్చాను. రెండోది: విమానం టికెట్ల కాపీ ఏది? ఎయిర్‌లైన్స్ టికెట్లు అమ్మడం మొదలుపెట్టేదే దాదాపు 11 నెలల ముందు. పైగా పర్మిషన్ లేకుండా టికెట్ కొంటే, రేపు పర్మిషన్ రాకపోతే ఆ డబ్బు ఎవరిస్తారు? టికెట్ లేనిదే పర్మిషన్ లేదంటారు, పర్మిషన్ లేనిదే టికెట్ కొనడానికి ధైర్యం చాలదు. దీనికి మందు ‘తాత్కాలిక ప్రయాణ వివరం’. ఏ తేదీన ఏ ఊరు, ఎన్ని రాత్రులు, ఎక్కడ బస అని ఒక పేజీలో రాసి, కింద సంతకం చేసి, ‘అనుమతి వచ్చిన తర్వాత టికెట్ల కాపీలు సమర్పిస్తాను’ అని రాయాలి. ఈ పేజీ మొదటి రోజే జతచేస్తే ఆ కొర్రీ పడదు. మూడోది: ఆరు నిమిషాల కోసం అంత డబ్బు ఎక్కడిది? ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, జీతం ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంటు పెట్టాను. డబ్బు ఎక్కడిదని అడిగే హక్కు వాళ్లకుంది. ‘ఆరు నిమిషాల కోసం’ అనే ఎత్తిపొడుపుకు మాత్రం ఏ రూలూ లేదు.

ఆ రోజు ఆ సీటు ముందు నిలబడి చెప్పిన మాట ఇక్కడా చెప్తాను. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ గ్రహణం కోసం జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఓడ ఎక్కి మన గుంటూరుకు వచ్చాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో పట్టుబడిన పసుపు గీతే తర్వాత హీలియం మూలకంగా తేలింది. 1980 ఫిబ్రవరి 16న ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా సంపూర్ణ గ్రహణం దారిలో ఉంది. అప్పుడు మన ఊళ్లలో జనం తలుపులు బిగించుకుని లోపల కూర్చున్నారు. గుడి తలుపులు మూయడం, పట్టు విడుపు స్నానాలు ఎవరి ఆచారం వాళ్లది, నేను కాదనను. పిల్లలకు ఆకాశం చూపించకుండా గదిలో పెట్టి గడియ వేయడాన్ని మాత్రం ఒప్పుకోను. 2019 డిసెంబర్ 26న మా వాకిట్లో జల్లెడ పట్టుకుని నిలబడి, కొరికిన సూర్యుడి బొమ్మలు గచ్చు మీద వందలకొద్దీ పడుతుంటే గల్లీ పిల్లలందరికీ చూపించాను. ఆ రోజు ఏ ఒక్కరికీ ఏమీ కాలేదు.

నవ్వినంత మాత్రాన ఫైలు ఆగితే ఊరుకోవద్దు. తపాలు సెక్షన్‌లో ఇచ్చిన ప్రతి కాగితానికి ఇన్‌వర్డ్ నంబర్, తేదీ మీ కాపీ మీద వేయించుకోండి. ‘మళ్లీ రండి’ అంటే ‘ఫైలు ఏ సీటు దగ్గరుంది, నోట్ పెట్టారా’ అని అడగండి. అదీ కాకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో, ఇన్‌వర్డ్ నంబర్ వేసి, నా దరఖాస్తు మీద ఏ తేదీన ఎవరు ఏం చర్య తీసుకున్నారని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. నా ఫైలు ఆ దరఖాస్తు చేరాకే కదిలింది. నన్ను అడిగితే ఉద్దేశం కాలమ్‌లో ‘పర్యటన’ అని రాయండి, అది అబద్ధం కాదు, ఏ సీటు దగ్గరా ఆగదు. నేను మాత్రం గ్రహణమనే రాశాను, ఆ మాటతోనే పర్మిషన్ తెచ్చుకున్నాను. ఆ కాగితం మీద ‘సూర్యగ్రహణ వీక్షణం నిమిత్తం’ అని టైపు చేసి ఉంది. దాన్ని లామినేషన్ చేయిస్తాను.

ఇక బస. ప్యాకేజీ టూర్ తీసుకునేవాళ్లు ఏజెంటును ఒకే ప్రశ్న అడగండి: ఆగస్టు 2 మధ్యాహ్నం ఒంటిగంటకు మన బస్సు ఎక్కడుంటుంది? కైరో అంటే వద్దు, హుర్గాదా అంటే వద్దు, అస్వాన్ అంటే అసలే వద్దు. మూడూ సంపూర్ణ గ్రహణం పట్టీకి బయటే. లక్సర్ నుంచి అస్వాన్‌కు నైలు నది మీద పడవలు నడుస్తాయి. ‘గ్రహణం క్రూజ్’ అని అమ్మే పడవ ఆ మధ్యాహ్నానికి అస్వాన్ చేరితే డబ్బంతా నైలులో పోసినట్టే. హోటల్ బుక్ చేశాక తేదీలు, ధర రాసిన ఈమెయిల్ తెప్పించుకోండి. ముందు తక్కువకు ఇచ్చి, గిరాకీ తెలిశాక రద్దు చేసి, అదే గది ఎక్కువకు అమ్మేవాళ్లుంటారు. మేము మాట్లాడిన ఒక చోట అదే చేశారు. కర్నాక్ గుడి నదికి తూర్పున, రాజుల లోయ పడమటి ఒడ్డున. గ్రహణం రోజు నది దాటే ప్రోగ్రాం పెట్టుకోవద్దు. పడవల దగ్గర, వంతెన దగ్గర జనం ఆగిపోతే దారిలోనే గ్రహణం అయిపోతుంది. గది ఉన్న ఒడ్డునే, నడిచిపోగలిగే చోటునే చూడాలి. డాబా మీదికి రానిస్తారా అని ముందే అడగాలి.

అంత దూరం, అంత ఖర్చు వద్దనుకునేవాళ్లకు జెడ్డా ఉంది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి, అక్కడా సంపూర్ణ గ్రహణం దాదాపు ఆరు నిమిషాలు. సముద్రం పక్కన కాబట్టి ఉక్కపోత, మసక ఎక్కువ.

లక్సర్‌లో ఆ వేళకు సూర్యుడు దాదాపు నడినెత్తిన, 82 డిగ్రీల ఎత్తున ఉంటాడు. సంపూర్ణ దశ అక్కడి టైమ్ ప్రకారం ఒంటిగంట దాటాక, అంటే మన దగ్గర మూడున్నర దాటాక. పాక్షిక దశ దానికి గంటకు పైగా ముందే మొదలవుతుంది. అంతసేపు నిలబడి మెడ పైకెత్తి చూడలేం. చాప, తలకింద చిన్న దిండు తీసుకుపోండి, పడుకుని చూడాలి. మామూలు ట్రైపాడ్ అంత నిట్టనిలువుగా తిరగదు, మధ్య కడ్డీకి కెమెరా తగులుతుంది. ఇంటి దగ్గరే ఒక మధ్యాహ్నం ఫిల్టర్ బిగించి పరీక్షించుకోండి. ఫిల్టర్ ఎప్పుడూ లెన్సు ముందు ఉండాలి, కన్ను పెట్టే వైపు కాదు. వెనక పెడితే పోగుపడిన వేడికి పగిలి కన్ను పోతుంది. నీడలో 40 డిగ్రీలు దాటే ఎండ కాబట్టి గొడుగు, ఓఆర్ఎస్ పొట్లాలు, మనిషికి మూడు లీటర్ల నీళ్లకు తక్కువ కాకుండా ఉండాలి. ఒక తెల్ల ధోవతి కూడా. సంపూర్ణ దశకు కొద్ది క్షణాల ముందు, తర్వాత నేల మీద నీడల చారలు నీళ్ల అలల్లా పాకుతాయి, తెల్లగుడ్డ మీదే అవి తేటగా కనపడతాయి.

ఆరు నిమిషాలూ ఫొటోలకే పెట్టవద్దు. ఫోనును చాప పక్కన ఆనించి వీడియో ఆన్ చేసి వదిలేయండి. సూర్యుడు పూర్తిగా మూసుకున్నాక గ్రహణం కళ్లద్దాలు తీసేయాలి, తీయకపోతే ఏమీ కనపడదు. బైనాక్యులర్‌తో కరోనా చూసేటప్పుడు, సంపూర్ణ దశ మొదలైన ఐదున్నర నిమిషాలకు మోగేలా అలారం పెట్టుకోవాలి. అలారం మోగగానే బైనాక్యులర్ దించాలి. అంచున వజ్రంలా వెలుగు మెరిసిందంటే అద్దాలు మళ్లీ పెట్టాల్సిందే.

అద్దాల మీద ‘ఐఎస్ఓ 12312-2’ అని ఉండాలి. ఒట్టి ముద్ర చూసి నమ్మొద్దు, ఇంట్లో పెట్టుకుని చూస్తే ట్యూబ్‌లైటు కూడా కనపడకూడదు, ఎండలో సూర్యబింబం ఒక్కటే కనపడాలి. వెల్డింగ్ షాపుల్లో దొరికే అద్దమైతే 14వ నంబరే కావాలి, తక్కువ నంబరువి పనికిరావు. ఎక్స్‌రే ఫిల్ములు, మసి పట్టించిన గాజు ముట్టవద్దు. గ్రహణం దగ్గరపడేకొద్దీ నకిలీవి మార్కెట్ నిండా వస్తాయి. ఇప్పుడే మనిషికి రెండేసి కొని, గీతలు పడకుండా మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టుకోండి.